సార్వభౌమాధికారం చేతులు మారినా నిలిచే హక్కుల చట్టం: ముసాయిదా ఎలా రాయాలి?

ప్రశ్న: న్యాయశాస్త్ర విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఎల్.ఎల్.ఎం. రెండో ఏడాది చదువుతున్నాను. శాసన రచన పేపరులో మాకు ఒక అభ్యాసం ఇచ్చారు. ఒక దేశం ఏలుబడిలో ఉన్న చిన్న ద్వీపం, రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం, ఆరేళ్ల తరువాత మరో దేశానికి దక్కబోతోంది. ఈలోగా ఒక హక్కుల చట్టం తేవాలని ద్వీపపు శాసనసభ సంకల్పించింది. జెండా మారిన మరునాడు కూడా ఆ చట్టం పట్టుకొని ఒక సామాన్యుడు కోర్టు మెట్లు ఎక్కగలగాలి. అలాంటి చట్టానికి ముసాయిదా రాయడం మా పని.

నా మొదటి ముసాయిదాలో రెండో సెక్షన్ ఇలా ఉంది: "ఈ చట్టం మిగిలిన అన్ని చట్టాల కన్నా మిన్న. ఏ శాసనసభ గానీ, ఏ ప్రభుత్వం గానీ, ఇప్పుడైనా ఇకమీదటనైనా దీనిని రద్దు చేయరాదు, సవరించరాదు." రాసినప్పుడు ఇంతకన్నా గట్టిగా రాయడం కుదరదనుకున్నాను. మా ఆచార్యులు ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ఒక్క ప్రశ్న వేసి కాగితం తిరిగి ఇచ్చారు: "వచ్చే ప్రభువు నీ మాట ఎందుకు వినాలి?"

వారం రోజులుగా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. హక్కుల చట్టాన్ని మిగతా చట్టాల కన్నా పైన నిలబెట్టకపోతే అది మామూలు చట్టం అవుతుంది, మరుసటి సభ దాన్ని సులువుగా తీసేస్తుంది. నిలబెడితే, కొత్త సార్వభౌమునికి అది తన రాజ్యాంగానికి పోటీగా కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య దారి ఉందా? మన దేశంలో 1947లో, 1950లో జరిగినదాని నుంచి నేను తీసుకోదగినది ఏమైనా ఉందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు: న్యాయవాది, చిత్తూరు

అమ్మా, మీ ఆచార్యుల ప్రశ్నకు మన కోర్టులు ఎప్పుడో జవాబు చెప్పాయి. అది మీకు నచ్చదు, అయినా ముసాయిదాను దాని మీదే కట్టాలి. 1924లో వజేసింగ్‌జీ కేసులో, అప్పట్లో మనకు పై అప్పీలు కోర్టుగా లండన్‌లో ఉన్న ప్రీవీ కౌన్సిల్ చెప్పినది ఇది: ఒక ప్రాంతాన్ని అప్పగించే ఒప్పందంలో అక్కడి ప్రజలకు ఫలానా హక్కులు ఉంటాయని రాసుకున్నా, ఆ ఒప్పందాన్ని చూపించి వారు కొత్త ప్రభువు కోర్టులో దావా వేయలేరు, ఆ ప్రభువు తానుగా గుర్తించిన హక్కులే కోర్టులో చెల్లుతాయి. స్వతంత్రం వచ్చాక 1954లో వీరేంద్ర సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు కొంత ఉదారంగా ఆలోచించింది గానీ, 1964లో మిఠీబార్‌వాలా కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్లీ పాత సూత్రం వైపే మొగ్గింది. గుజరాత్ ప్రాంతంలోని ఒక సంస్థానాధీశుడు విలీనానికి ముందు 1948లో రాసిచ్చిన అటవీ హక్కులను, కొత్త ప్రభుత్వం గుర్తించలేదు కాబట్టి, కోర్టు అమలు చేయలేదు. కాబట్టి "ఎవరూ రద్దు చేయరాదు" అనే మీ వాక్యానికి ఎంత బలం ఉందో అది పుట్టిన రాజ్యం ఉన్నంతవరకే. ఆ రాజ్యం వెళ్లిపోయిన రాత్రే ఆ బలమూ వెళ్లిపోతుంది.

మీ అభ్యాసం హాంకాంగ్ కథకు చాలా దగ్గరగా ఉంది. దాన్ని సెక్షన్ల వారీగా చదవండి. బ్రిటన్ ఏలుబడిలోని హాంకాంగ్‌ను 1997లో చైనాకు అప్పగించేందుకు, 1984 డిసెంబర్ 19న ఆ రెండు దేశాలు సంయుక్త ప్రకటన మీద సంతకాలు చేశాయి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను బ్రిటన్ 1976లోనే ఆమోదించి హాంకాంగ్‌కూ వర్తింపజేసింది గనుక, "హాంకాంగ్‌కు వర్తించిన మేరకు" ఆ ఒడంబడిక కొనసాగుతుందని ఆ ప్రకటనలో రాసుకున్నారు. 1990 ఏప్రిల్ 4న చైనా పార్లమెంటు అయిన జాతీయ ప్రజా కాంగ్రెస్ ఆమోదించిన, అప్పగింత తరువాత హాంకాంగ్‌కు రాజ్యాంగం వంటిదైన బేసిక్ లా 39వ అధికరణంలో అదే మాట మళ్లీ వచ్చింది. దాని రెండో పేరా ఇంకా ముఖ్యం: హాంకాంగ్ నివాసుల హక్కులపై పెట్టే ఆంక్షలు ఆ ఒడంబడికకు విరుద్ధంగా ఉండరాదు. చైనా అప్పటికి ఆ ఒడంబడికలో భాగస్వామి కాదు. 1998లో సంతకం చేసినా నేటికీ ఆమోదించలేదు. అయినా తన సొంత చట్టంలో ఆ మాట రాసింది. ముసాయిదా రాసేవారికి దొరికిన కొక్కెం అదే.

1989 జూన్‌లో తియానన్‌మెన్‌లో జరిగిన దారుణం తరువాత హాంకాంగ్ ప్రజల భయం పోగొట్టడానికి హక్కుల చట్టం తెస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అది 1991 జూన్ 8న అమలులోకి వచ్చింది. అక్కడ దాన్ని ఆర్డినెన్స్ అంటారు. మన దగ్గర ఆ మాటకు ఉన్న అర్థం వేరు; అక్కడ ఆర్డినెన్స్ అంటే శాసనసభ చేసిన పూర్తి చట్టమే. హక్కులకు వారు సొంత మాటలు కూర్చుకోలేదు. ఒడంబడిక భాషనే దాదాపు యథాతథంగా 23 అధికరణాలలోకి దించి, ప్రతి అధికరణం కింద అది ఒడంబడికలోని ఏ అధికరణానికి సాటియో గుర్తు వేశారు. అందంగా రాయాలన్న కోరికను పక్కనపెట్టి చేసిన పని అది. ఆ భాష రేపటి ప్రభువు కూడా కొనసాగిస్తానని ఒప్పుకున్న భాష కాబట్టి అలా చేశారు.

ఇక మీరు అడిగిన మధ్య దారి సంగతి. హక్కుల చట్టాన్ని మామూలు చట్టంగానే ఉంచి, దానికి కాపలాను బయట పెట్టారు. అదే రోజున, హాంకాంగ్ పాలనకు మూలపత్రమైన బ్రిటిష్ రాణి లెటర్స్ పేటెంట్‌ను సవరించి, హాంకాంగ్‌కు వర్తించే ఆ ఒడంబడికకు విరుద్ధంగా హక్కులను కుదించే చట్టం ఇకపై చేయరాదని శాసనసభకు హద్దు పెట్టారు. 1997 జూన్ 30 అర్ధరాత్రి లెటర్స్ పేటెంట్ కాలం తీరింది. ఆ క్షణం నుంచే బేసిక్ లా 39వ అధికరణం అదే హద్దును నిలబెట్టింది. పాత ప్రభువు పత్రంలో ఒక కొక్కెం, కొత్త ప్రభువు పత్రంలో మరో కొక్కెం, మధ్యలో ఒకే చట్టం. మీ ముసాయిదాలో "అన్ని చట్టాల కన్నా మిన్న" అన్న సెక్షన్‌ను కొట్టేసి, ఆ మాట చెప్పాల్సిన చోటు ఒప్పందమూ కొత్త దేశపు చట్టమూ అని ఆచార్యులకు రాయండి.

వారు తప్పటడుగు వేసిన చోటు కూడా చూడండి. ఆ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, అప్పటికే ఉన్న చట్టాలను హక్కులకు అనుగుణంగా అర్థం చేసుకోవడానికి వీలుంటే అలా చేసుకోవాలి, వీలుకాకపోతే ఆ మేరకు అవి రద్దయినట్లే. ఆ సెక్షన్ ఆధారంగా అదే ఏడాది సిన్ యౌ మింగ్ కేసులో, ఇంత పరిమాణానికి మించి మాదకద్రవ్యం దొరికితే అమ్మకానికే ఉంచుకున్నట్లు భావించాలన్న నిబంధనలను అప్పీలు కోర్టు కొట్టివేసింది. నాలుగో సెక్షన్, తరువాత వచ్చే చట్టాలను ఒడంబడికకు అనుగుణంగా చదవమంది. ఈ రెండూ మిగతా చట్టాల మీద పెత్తనం చేస్తున్నట్లు కనిపించాయి. బేసిక్ లా 160వ అధికరణం ప్రకారం, దానికి విరుద్ధమైన పాత చట్టాలను స్వీకరించకుండా ఆపే అధికారం జాతీయ ప్రజా కాంగ్రెస్ స్థాయీ సంఘానికి ఉంది. 1997 ఫిబ్రవరి 23న ఆ సంఘం 2(3), 3, 4 సెక్షన్లను పక్కన పెట్టింది. బేసిక్ లాకు తప్ప మరే చట్టానికీ అలాంటి పైచేయి ఉండరాదన్నది దాని అభ్యంతరం. 23 అధికరణాలను మాత్రం ముట్టలేదు. ఆ తరువాత హాంకాంగ్ కోర్టులు 39వ అధికరణం తలుపు గుండా అదే పరీక్షను కొనసాగించాయి.

జవాబు: విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, శ్రీకాళహస్తి

న్యాయవాది గారు చెప్పిన సూత్రం మన ప్రాంతపు రాళ్ల మీద కూడా కనిపిస్తుంది గనుక రెండు మాటలు రాస్తున్నాను. మన వైపు గుళ్లలో దాన శాసనాలు చదివినవారికి తెలుసు, దానం ఇచ్చిన రాజు "నా మాట ఎవరూ దాటరాదు" అని ఊరుకోడు. చివర ఒక శ్లోకం చెక్కిస్తాడు: "దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనం." ఇవ్వడం కన్నా ఇచ్చినదాన్ని కాపాడడం గొప్పదని, ఇచ్చినవాడికి స్వర్గం దక్కితే కాపాడినవాడికి అంతకన్నా పై పదం దక్కుతుందని దాని భావం. ఆ మాట తనకోసం కాదు, తన తరువాత వచ్చే రాజుకోసం. తన అధికారం ఆచంద్రార్కం ఉండదని ఆ రాజుకు తెలుసు. అందుకే కొత్త రాజు తన పుణ్యం కోసమైనా ఆ దానాన్ని తనదిగా చేసుకునేలా రాయించాడు.

మా ఇంట్లో ఇనాం కమిషన్ వారు 1860లలో ఇచ్చిన పట్టా ఒకటి ఉంది. ఒకవైపు చెద తిన్నది, మడతల దగ్గర గుడ్డ అతికించి ఉంది. కంపెనీ పోయి రాణి ప్రభుత్వం వచ్చాక, పాత రాజులు, నవాబులు ఇచ్చిన ఇనాములన్నింటినీ ఆ కమిషన్ ఊరూరా విచారించింది. మా పూర్వులు చూపించిన పాత సనదు, అంటే రాజు ఇచ్చిన దానపత్రం, అసలు కాగితం మిగలలేదు, కానీ ఈ పట్టా మిగిలింది. ఎంత భూమి, జోడి (ఇనాం భూమి మీద కట్టే తక్కువ శిస్తు) ఎంత అన్నది అందులో స్పష్టంగా ఉంది. మా తాతగారు కోర్టుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు పని చేసింది రాజుగారి సనదు కాదు, కొత్త ప్రభుత్వం తన ముద్రతో ఇచ్చిన ఈ కాగితమే. 1956 ఇనాముల రద్దు చట్టం వచ్చాక దాని స్థానంలో రైత్వారీ పట్టా వచ్చింది. అది కూడా మరో ప్రభుత్వం మళ్లీ కొత్తగా ఇచ్చినదే.

తిరుమల అర్చకుల మిరాశీని, అంటే వంశపారంపర్య అర్చక హక్కును, కూడా ఆలోచించండి. 1801లో ఆర్కాటు నవాబు నుంచి కంపెనీకి, 1843లో కంపెనీ నుంచి హథీరాంజీ మఠం మహంతులకు, 1933లో దేవస్థానం పాలక వ్యవస్థకు ఆలయ నిర్వహణ మారుతూ వచ్చినా, 1950లో రాజ్యాంగం వచ్చినా, వంశపారంపర్య హక్కు నడిచింది. దాన్ని ముగించింది మాత్రం 1987లో మన శాసనసభ చేసిన 30వ నంబరు చట్టం. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మీరు గమనించవలసింది, ఇన్ని సార్లు ప్రభువు మారినప్పుడు నిలిచిన హక్కు, ప్రభువు మారని రోజుల్లో ఒక మామూలు చట్టంతో పోయింది. ముసాయిదాలో జెండా మారే ఆ రాత్రి గురించే కాక, ఆ తరువాతి ముప్ఫై ఏళ్ల గురించి కూడా ఆలోచించాలి.

జవాబు: యానాంలో పుట్టి తిరుపతిలో స్థిరపడిన పాఠకుడు

మన తెలుగు నేల మీదే సార్వభౌమాధికారం ఒప్పందంతో మారిన చోటు యానాం. 1954 నవంబర్ 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది, కానీ 1956 మే 28న సంతకమైన అప్పగింత ఒప్పందం అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. పుదుచ్చేరి ప్రజల్లో కొందరి పూర్వులు ఫ్రెంచి కాలంలో 1881 నాటి ఉత్తర్వు కింద తమ సంప్రదాయ చట్టాన్ని వదులుకొని ఫ్రెంచి సివిల్ కోడ్‌ను స్వీకరించారు. వారిని రెనోన్సాంలు అంటారు. వారి స్థితిని కాపాడినది ఒప్పందంలోని పెద్ద మాటలు కావు. మన హిందూ వివాహ చట్టంలోనే 2(2ఎ) అనే చిన్న ఉపవిభాగం 1963లో చేరింది: ఈ చట్టం పుదుచ్చేరి రెనోన్సాంలకు వర్తించదు. కొత్త దేశపు చట్టంలో ఒక్క వాక్యం! మీ ద్వీపానికి కూడా, కొత్త దేశపు చట్టాలలో చేరవలసిన వాక్యాల పట్టికను అనుబంధంగా జోడించమని నా సూచన.

విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. సార్, రెండో సెక్షన్ కొట్టేశాను. ఇప్పుడు నా మూడో సెక్షన్ ఇది: "ఈ చట్టం అమలులోకి వచ్చిన తరువాత, దీనికి విరుద్ధమైన ఏ పాత చట్టమూ చెల్లదు." ఉద్దేశాన్ని వేరే సెక్షన్‌గా పెట్టాను: ఒప్పందంలో ఇరుదేశాలు కొనసాగిస్తామని అంగీకరించిన హక్కులను ద్వీపపు చట్టంలో చేర్చడం. మన రాజ్యాంగం 372వ అధికరణం పాత చట్టాలను కొనసాగించి, 13వ అధికరణం హక్కులకు విరుద్ధమైన మేరకు అవి చెల్లవని చెప్పిన పద్ధతినే అనుసరించాను. ఇది సరిపోతుందా?

ఇంకో బాధ ఉంది. 2020 జూన్ 30న వచ్చిన జాతీయ భద్రతా చట్టం హాంకాంగ్ స్థానిక చట్టాలతో విభేదిస్తే తానే చెల్లుతుందని 62వ అధికరణంలో రాసుకుంది. 2021 ఫిబ్రవరిలో అక్కడి తుది అప్పీలు కోర్టు, ఆ చట్టాన్ని మానవ హక్కుల ప్రమాణంతో సమీక్షించే అధికారం తనకు లేదంది. అదే చట్టం 4వ అధికరణం ఒడంబడిక హక్కులను కాపాడాలని కూడా చెబుతోంది. ఇది చదివాక ఇంత జాగ్రత్తగా కొక్కేలు వెతికి ఏం లాభమని అనిపించింది.

జవాబు: న్యాయవాది, చిత్తూరు

మీ బాధ న్యాయమైనదే, అమ్మా. కొత్త ప్రభువు తన చేతులతో ఆ కొక్కెం పైన మరో మేకు కొడితే, పాత ప్రభువు కాలంలో రాసిన చట్టం దాన్ని ఆపలేదు. మీ ముసాయిదాకు వివరణ రాసేటప్పుడు ఆ మాట దాచకుండా రాయండి. అయినా 1997 నుంచి 2020 వరకు అంటే 23 ఏళ్లు. ఆ కాలంలో ఊరేగింపుల మీద, పోలీసు అధికారాల మీద వేసిన పిటిషన్లలో హక్కుల అధికరణాలను న్యాయవాదులు చదివి వినిపించారు, కోర్టులు వాటిని కొలబద్దగా వాడాయి. 2005లో లియాంగ్ క్వోక్ హంగ్ కేసులో ఆంక్ష అవసరానికి తగినంతే ఉండాలన్న పరీక్షను తుది అప్పీలు కోర్టు స్థిరపరిచింది. అది కాగితం మీద ఉన్న బలం కాదు, కోర్టుకు వెళ్లినవారికి నిజంగా అందిన బలం. ఆ చట్టం లేకపోతే ఆ 23 ఏళ్లు ఎలా ఉండేవో మీరే ఊహించుకోండి.

ఇక మీ రెండు సెక్షన్ల మాట. 13వ అధికరణం మన రాజ్యాంగంలోనిది, రాజ్యాంగమే సర్వోన్నతం కనుక అక్కడ "చెల్లదు" అనడం కుదిరింది. మీది మామూలు చట్టం. "చెల్లదు" అంటే ప్రతి రోజూ పాత చట్టం మీద కూర్చొని ఉన్నట్లు. 1997లో తప్పుపట్టినది సరిగ్గా ఆ కూర్చోవడాన్నే. దాని బదులు "విరుద్ధమైన మేరకు ఈ తేదీన రద్దయినది" అని రాయండి. మన జనరల్ క్లాజెస్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, రద్దయిన చట్టం మళ్లీ బతకాలంటే ఆ ఉద్దేశాన్ని స్పష్టంగా చెప్పాలి. మీ ద్వీపానికి కూడా అలాంటి నియమం పెట్టండి. అప్పుడు మీ మూడో సెక్షన్‌ను రేపు తీసేసినా, అది ఇప్పటికే చేసిన పని అంత తేలికగా వెనక్కు పోదు. తేలికగా అన్నాను, అసలే పోదని అనలేదు. హాంకాంగ్‌లో 1992లో సంఘాల చట్టానికి, 1995లో ప్రజా శాంతి చట్టానికి విడివిడిగా చేసిన ప్రధాన సవరణలను కూడా అదే ఫిబ్రవరి నిర్ణయంలో స్వీకరించలేదు.

ఉద్దేశాన్ని సెక్షన్‌గా పెట్టారు కదా, సరిగ్గా అలాంటిదే అక్కడి 2(3). చట్టాన్ని అన్వయించేటప్పుడు ఒడంబడికను హాంకాంగ్ చట్టంలో చేర్చడమే దీని ఉద్దేశమని గమనించాలని అది చెప్పింది, అది పోయింది. కానీ అదే మాట చట్టం పైభాగంలో దీర్ఘ శీర్షికలో కూడా ఉంది: హాంకాంగ్‌కు వర్తించిన మేరకు ఆ ఒడంబడిక నిబంధనలను హాంకాంగ్ చట్టంలో చేర్చడానికి. దాని జోలికి ఎవరూ పోలేదు, ఇప్పటికీ ఆ చట్టం నెత్తిన అలాగే ఉంది. కాబట్టి మీ ఉద్దేశ వాక్యాన్ని దీర్ఘ శీర్షికలోకి ఎక్కించి, ప్రతి హక్కు కింద ఒప్పందంలోని నిబంధన సంఖ్యను గుర్తుగా వేయండి.

"వర్తించిన మేరకు" అనే మాటను మాత్రం ఊరికే కాపీ చేయకండి. బ్రిటన్ హాంకాంగ్ విషయంలో పెట్టుకున్న మినహాయింపులు కూడా ఆ మాటతోనే లోపలికి వచ్చాయి. ఎన్నికైన శాసనమండలిని ఏర్పరచాల్సిన బాధ్యత లేదని ఆ చట్టం 13వ సెక్షన్ చెప్పింది. మీ ద్వీపం పాత ప్రభువు ఏ మినహాయింపులు పెట్టుకున్నాడో ముందు జాబితా వేసుకొని, ఉంచదలచినవి ఏవో, ఒప్పందం కుదిరేలోపు వెనక్కు తీసుకోమని అడగవలసినవి ఏవో వేరు చేయండి.

విద్యార్థిని:

సార్, "చెల్లదు" తీసి "రద్దయినది" అని మార్చాను, ఉద్దేశాన్ని దీర్ఘ శీర్షికలోకి ఎక్కించాను. యానాం అన్నగారు చెప్పినట్లు కొత్త దేశం చేర్చవలసిన వాక్యాలను రెండో అనుబంధంలో పెడుతున్నాను. జెండా మారే రోజు నాటికి విచారణలో ఉన్న కేసులకు ఒక సెక్షన్ మిగిలింది. అది రాసి, సోమవారం సమర్పించే ముందు ఇక్కడ పెడతాను. వీలైతే ఒకసారి చూడగలరు.

జవాబు: న్యాయవాది, చిత్తూరు

తప్పక చూస్తాను. ఆ సెక్షన్ రాసేటప్పుడు 1997 జూలై 29న హాంకాంగ్ అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చిన మా వై క్వాన్ కేసు చదవండి. అధికారం మారడానికి ముందు మొదలైన అభియోగాలు మారాక నిలుస్తాయా అన్నదే అందులో ప్రశ్న. నిలుస్తాయని తేల్చడానికి కోర్టు బేసిక్ లా నిబంధనలను, జూలై 1 తెల్లవారుజామున తాత్కాలిక శాసనమండలి ఆమోదించిన పునరేకీకరణ చట్టాన్ని ఎలా కలిపి చదివిందో చూస్తే, మీ సెక్షన్‌లో "గవర్నర్", "రాణి" వంటి పాత పదాలను కొత్తగా ఎలా చదువుకోవాలో కూడా రాయవలసి ఉంటుందని మీకు తెలుస్తుంది.